షుగర్ తగ్గిందంటే పోయిందని కాదు
(మధుమేహ వైద్యంపై మన ఇంటి, బస్తీ, ఆచారాల ప్రభావం – ఒక పరిశీలన)



మనమందరం చిన్న తరగతుల నుండి నవంబరు 14న బాలల దినోత్సవం జరుపుకున్న వాళ్లమే. నెహ్రూ గారి పటానికి దండ వేశాము, పాటలు పాడాము, లడ్డూలు తిన్నాము. అదే రోజు ప్రపంచ మధుమేహ దినోత్సవం అన్న సంగతి మాత్రం డిగ్రీ పూర్తయ్యే వరకు మాకు తెలియదు. ఇన్సులిన్‌ను కనుగొన్న వారిలో ముఖ్యుడైన ఫ్రెడరిక్ బాంటింగ్ 1891లో ఆ తేదీన జన్మించారు. అందుకే 1991 నుండి ఆ రోజును మధుమేహ దినంగా పాటిస్తున్నారు. 2006లో ఐక్యరాజ్య సమితి కూడా దానిని గుర్తించింది.

భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా జరిపించిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దాని ప్రకారం మన దేశంలో షుగర్ ఉన్నవారు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది. షుగర్ వచ్చే అంచున ఉన్నవారు మరో 13 కోట్ల 60 లక్షల మంది. ఇది ధనవంతుల జబ్బు అని మన ఊళ్లలో ఇంకా అనుకుంటున్నారు. ఆ రోజులు పోయాయి.

ఏ గోలీ వేసుకోవాలో డాక్టర్లు చెబుతారు. అది మా పని కాదు. కాని డాక్టరు రాసిన గోలీ మనిషి నోటి దాకా ఎందుకు పోవడం లేదు? మధ్యలో ఏవేవి అడ్డం వస్తున్నాయి? ఈ విషయాలే ఈ వ్యాసంలో తెలియజేయదలచాము.

ఈ వ్యాసం ఎందుకు రాస్తున్నామంటే

మా నాయిన వ్యవసాయ కూలి. మా ఇంట్లో డిగ్రీ చదివినవాళ్లలో మేమే మొదటివాళ్లం. కొన్నేళ్ల కింద మా ఊళ్లో జరిగిన వైద్య శిబిరంలో నాయినకు షుగర్ ఉందని చెప్పి, చిట్టీ రాసి, నెల రోజుల గోలీలు ఇచ్చారు. ఆయన క్రమం తప్పకుండా వేసుకున్నాడు. మరుసటి నెల పరీక్ష చేసిన వారు "షుగర్ తగ్గింది పెద్దాయనా, మంచిగుంది" అన్నారు. ఆ రోజు నుండి ఆయన గోలీలు మానేశాడు. చిట్టీని రేషన్ కార్డుతో పాటు రెగ్జిన్ సంచిలో పెట్టాడు. అది రెండేళ్లకు పైగా ఆ సంచిలోనే ఉంది.

ఆ రెండేళ్లలో మేము దసరాకు, సంక్రాంతికి, ఎండాకాలం సెలవులకు ఇంటికి పోతూనే ఉన్నాము. ఊళ్లో వాళ్లకు పింఛను దరఖాస్తులు నింపి ఇచ్చాము, బ్యాంకు కాగితాలు చదివి చెప్పాము. మా ఇంటి సంచిలో ఉన్న చిట్టీ మాత్రం ఒక్కసారి తీసి చూడలేదు.

ఒక వేసవిలో నాయిన కాలికి తుమ్మ ముల్లు దిగింది. ఆయనకు నొప్పి తెలియలేదు. షుగర్ ఎక్కువ కాలం అదుపు తప్పితే కాళ్ల నరాలు దెబ్బతిని స్పర్శ పోతుందని మాకు అప్పటికి తెలియదు. పసుపు పెట్టారు, ఆకు పసరు కట్టారు, ఆయన పనికి పోతూనే ఉన్నాడు. వాసన వచ్చాక గాని పట్నం తీసుకురాలేదు. రెండు వేళ్లు తీసేయవలసి వచ్చింది. పాదం మిగిలింది. అదే పదివేలు అనుకున్నాము.

ఆసుపత్రిలో డాక్టరు గారు పాత చిట్టీ చూసి, "ఇంట్లో చదువుకున్న వాళ్లు ఎవరూ లేరా?" అని అడిగారు. ఆయన కోపంగా అనలేదు, మామూలుగానే అడిగారు. మేము పక్కనే నిలబడి ఉన్నాము. జవాబు చెప్పలేకపోయాము.

తరువాత నాయినను అడిగితే, "షుగర్ తగ్గిందన్నరు బిడ్డా. తగ్గినంక గోలీలెందుకని బందు పెట్టిన" అన్నాడు.

మిత్రులారా, ఇక్కడ ఒక్క మాట గమనించండి. మన భాషలో జ్వరం తగ్గింది అంటే జ్వరం పోయిందని అర్థం. దగ్గు తగ్గింది అన్నా అంతే. పరీక్షలో వచ్చిన అంకె కిందికి దిగిందనే ఉద్దేశంతో వాళ్లు తగ్గింది అన్నారు. నాయినకు రోగం పోయిందని వినిపించింది. చెప్పినవారిది తప్పు కాదు, విన్నవారిదీ తప్పు కాదు. ఆ రెండు అర్థాల నడుమ మా నాయిన రెండు వేళ్లు పోయాయి. ఆ నడుమ నిలబడి విడమరచి చెప్పవలసిన వాళ్లం మేము.

కట్టు కట్టించుకోవడానికి నాయిన రెండు నెలలు పాతబస్తీలో, ఉప్పుగూడలోని మా మేనత్త ఇంట్లో ఉన్నాడు. కాలేజీ అయ్యాక మేము రోజూ అక్కడికి పోయేవాళ్లం. అదే సంవత్సరం మా ఎం.ఎస్.డబ్ల్యు. ఫీల్డ్ వర్క్ కూడా ఆ చుట్టుపక్కల బస్తీలలోనే పడింది. కింద రాసినవన్నీ అప్పుడు చూసినవి, విన్నవి, తరువాత పుస్తకాలలో చదివి సరిచూసుకున్నవి.

వ్యాధి గురించి నాలుగు మాటలు

మనం తిన్న అన్నం, రొట్టె చివరకు గ్లూకోజ్‌గా మారి రక్తంలో కలుస్తుంది. అది కణాలలోకి పోవాలంటే ఇన్సులిన్ అనే తాళంచెవి కావాలి. పొట్టలో ఉండే క్లోమం దీనిని తయారు చేస్తుంది. కొందరిలో, ముఖ్యంగా పిల్లల్లో, ఇన్సులిన్ తయారవడమే ఆగిపోతుంది. ఇది మొదటి రకం. వీరికి ఇన్సులిన్ సూది తప్ప వేరే మందు లేదు. చాలామంది పెద్దలలో తాళంచెవి ఉన్నా సరిగా తిరగదు, రానురాను చాలదు. ఇది రెండవ రకం.

పరగడుపున రక్తంలో చక్కెర డెసిలీటరుకు 100 మిల్లీగ్రాముల లోపు ఉంటే మామూలు. 100 నుండి 125 వరకు హెచ్చరిక. 126 లేదా అంతకు మించి ఉండి, మరోసారి పరీక్షలో కూడా అలాగే వస్తే షుగర్ ఉన్నట్లు. హెచ్‌బీఏవన్‌సీ అనే పరీక్ష గడచిన మూడు నెలల సగటును చెబుతుంది. అది 6.5 శాతం లేదా ఆపైన ఉంటే షుగర్ కిందే లెక్క. పరీక్ష రోజు ఉపవాసం ఉండి మంచి అంకె తెచ్చుకుందామనుకునే వారి గుట్టు ఈ పరీక్ష బయటపెడుతుంది.

సన్నగా ఉన్నవారికి షుగర్ రాదన్నది కూడా అపోహే. పుణెకు చెందిన డాక్టర్ యాజ్ఞిక్, ఇంగ్లండుకు చెందిన డాక్టర్ యుడ్కిన్ 2004లో ఒక వైద్య పత్రికలో తమ ఫొటో వేసుకున్నారు. ఇద్దరి ఎత్తుకు తగ్గ బరువు లెక్క ఒక్కటే. కాని యాజ్ఞిక్ గారి శరీరంలో కొవ్వు రెండింతలకు పైగా ఉంది. మన దేశస్థులు పైకి సన్నగా కనిపించినా లోపల కొవ్వు ఎక్కువగా ఉండవచ్చని దీని భావం. తల్లి కడుపులో ఉండగా తిండి సరిగా అందని పిల్లలకు పెద్దయ్యాక షుగర్ ముప్పు ఎక్కువ. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, 1944–45 చలికాలంలో, హాలెండులో కరువు వచ్చింది. అప్పుడు తల్లి గర్భంలో ఉన్నవారిని పెద్దయ్యాక పరీక్షించగా ఇదే తేలింది. కరువు చూసిన తల్లుల బిడ్డలు మన పల్లెల్లో తక్కువ లేరు. కావున ఇది కేవలం బాగా తిన్నవారి జబ్బు కాదు, ఒకప్పుడు తినలేకపోయిన వారి జబ్బు కూడా.

అన్నం, ఆకలి, గౌరవం

ఆసుపత్రిలో నాయినకు "అన్నం తగ్గించండి" అని చెప్పారు. ఆ రాత్రి ఆయన మా మేనత్తతో అన్న మాట: "గటక తాగి పెరిగినోళ్లం చెల్లే. కడుపు నిండ అన్నం తినే రోజులొచ్చినయంటే, ఇప్పుడు తినొద్దంటున్నరు."

ఈ మాట అర్థం కావాలంటే కొంత చరిత్ర తెలియాలి. మా తాతల కాలంలో తెలంగాణ పల్లెల్లో పేదల తిండి జొన్న గటక, తైదల అంబలి, సజ్జ రొట్టె. వరి అన్నం పండుగకో, దొరల ఇంట్లో పెండ్లికో కనిపించేది. 1983లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. పేద ఇంట్లో రోజూ అన్నం ఉడకసాగింది. 2015 జనవరి నుండి తెలంగాణలో మన హాస్టళ్లకు సన్నబియ్యం ఇచ్చారు. 2025 ఉగాది నుండి రేషన్ దుకాణాలలో కూడా సన్నబియ్యం ఇస్తున్నారు. మన వాళ్లకు తెల్లటి అన్నం ఒట్టి తిండి కాదు. అది తల ఎత్తుకుని బతకడానికి గుర్తు. దానిని తప్పుపట్టడం మా ఉద్దేశం ఎంతమాత్రం కాదు. మన ముందు తరం ఆకలితో పోరాడి సంపాదించుకున్న అన్నం అది.

అటువంటి మనిషికి అన్నం తగ్గించు అంటే, పాత ఆకలి రోజులకు తిరిగిపొమ్మని వినిపిస్తుంది. కాబట్టి ఆ మాట వేరే విధంగా చెప్పాలి. మా మేనత్త చదువుకోలేదు గాని ఉపాయం తెలిసిన మనిషి. ఆమె అన్నం తగ్గిస్తున్నానని ఒక్కసారి కూడా అనలేదు. పళ్లెంలో ముందు సగం తోటకూర పప్పు, బీరకాయ కూర పెట్టేది. తరువాత అన్నం పెట్టేది. "ముందు కూర తిను అన్నా, అన్నం ఎటూ పోదు" అనేది. నాయిన కడుపు నిండేది, అన్నం సగమే అయ్యేది.

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార సూచనలలో కూడా పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలనే ఉంది. మా మేనత్త అది చదవలేదు. ఇక్కడ మరొక హెచ్చరిక: అన్నం బదులు చపాతీ తింటే చాలు అనుకుని ఆరేడు చపాతీలు తినేవారిని చూశాము. జొన్న రొట్టె అయినా, తైద జావ అయినా లెక్క లేకుండా తింటే షుగర్ పెరుగుతుంది. ఎంత తింటున్నామన్నదే ముఖ్యం.

చాయ్, పండుగ, మొహమాటం

పాతబస్తీలో ఎవరి గడప తొక్కినా చాయ్ ఇస్తారు. వద్దంటే చిన్నబుచ్చుకుంటారు. ఒక లెక్క వేద్దాం. రోజుకు ఐదు చాయ్‌లు, చాయ్‌కి రెండు చెంచాలు అంటే పది చెంచాల చక్కెర. చెంచాకు 5 గ్రాముల చొప్పున 50 గ్రాములు. రోజుకు 2,000 కేలరీలు తినే మనిషికి బయటి నుండి కలిపే చక్కెర సుమారు 50 గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. ఇంకా సగానికి తగ్గిస్తే మంచిదని కూడా చెప్పింది. అంటే స్వీటు ముట్టుకోకుండానే చాయ్‌తోనే కోటా అయిపోయింది. మిఠాయి మానేసినా షుగర్ దిగడం లేదు అని బాధపడేవారికి ఈ లెక్క చెప్పి చూడండి.

ఇక పండుగలు. ఆషాఢంలో లాల్ దర్వాజా బోనాలకు బంధువులందరూ వస్తారు. బోనం ఎత్తే ఆడవాళ్లు పొద్దంతా ఒక్కపొద్దు ఉంటారు. షుగర్ గోలీ మింగి ఏమీ తినకుండా ఎండలో నడిస్తే కళ్లు తిరిగి పడిపోతారు. చుట్టూ ఉన్నవాళ్లు అమ్మవారు పూనింది అనుకునే ప్రమాదమూ ఉంది. మన క్రైస్తవ కుటుంబాలలో శ్రమల దినాల ఉపవాసాలకు కూడా ఇదే జాగ్రత్త వర్తిస్తుంది. ప్రసాదం వద్దంటే తప్పు అనుకునే పెద్దలు, కళ్లకు అద్దుకుని చిటికెడు నోట్లో వేసుకుంటే చాలు. భక్తికి పరిమాణం లేదు.

రంజాన్ నెలలో ఈ సమస్య ఇంకా పెద్దది. మా మేనత్త పక్కింటి ఖాలా లాడ్ బజార్ గాజుల మీద రాళ్లు అద్దే పని ఇంట్లోనే కూర్చుని చేస్తుంది. పదేళ్లుగా షుగర్. "రోజా ఛోడ్‌నా మేరే సే నై హోతా" అనేది, అంటే రోజా వదలడం నా వల్ల కాదని. జబ్బుపడిన వారికి, ప్రయాణంలో ఉన్నవారికి ఉపవాసం నుండి ఖురాన్‌లోనే మినహాయింపు ఉంది. ఆ మాట ఆమెకు తెలుసు. అయినా ఇంట్లో అందరూ ఉన్నప్పుడు తానొక్కతే తినడం ఆమెకు సిగ్గు.

ఇది ఆమె ఒక్కతే అనే మాట కాదు. 2001లో భారతదేశంతో సహా 13 దేశాలలో 12,243 మంది షుగర్ ఉన్న ముస్లింలపై ఒక పెద్ద అధ్యయనం జరిగింది. రెండవ రకం షుగర్ ఉన్నవారిలో సుమారు 79 శాతం మంది ఆ నెలలో కనీసం 15 రోజులు ఉపవాసం ఉన్నారు. చక్కెర ప్రమాదకరంగా పడిపోవడం మామూలు నెలల కన్నా వారిలో ఏడు రెట్లకు పైగా పెరిగింది. ఉపవాసం వద్దని కసిరితే వారు డాక్టరుకు చెప్పకుండా ఉంటారు. అందుకే ఇప్పుడు నిపుణులు, రంజాన్‌కు నెలన్నర, రెండు నెలల ముందే డాక్టరును కలిసి మందుల వేళలు మార్పించుకోవాలని, రోజా సమయంలో కూడా వేలిపై చుక్క తీసి పరీక్ష చేసుకోవాలని చెబుతున్నారు. చక్కెర 70 కన్నా పడిపోయినా, 300 దాటినా ఆ రోజు ఉపవాసం విరమించాలి. ఖాలా ఆ సంవత్సరం డాక్టరును ముందే అడిగింది. మసీదులో పెద్ద మనిషిని కూడా అడిగింది. ఇద్దరూ ఒకే మాట చెప్పాక ఆమెకు ధైర్యం వచ్చింది. రెండు రోజులు రోజా విరమించి, తరువాతి నెలలలో ఆ రోజులు పూర్తిచేసింది. వైద్యం, మతం తగవులాడనక్కర లేదు, రెండూ కలిసి చెబితే మనిషి వింటాడని మేము అక్కడ నేర్చుకున్నాము.

ఆడవాళ్ల షుగర్

బస్తీలలో మేము ఎక్కువగా చూసింది దాచిపెట్టిన షుగర్. పెండ్లి కావలసిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో తల్లికి షుగర్ ఉందని బయటకు చెప్పరు. రేపు పిల్లకు కూడా వస్తుందని సంబంధం తప్పిపోతుందేమోనని భయం. వంశంలో ఉంటే ముప్పు కొంత ఎక్కువన్నది నిజమే, కాని తప్పక వస్తుందని కాదు. దాచడం వల్ల మాత్రం తల్లికి మందు అందదు.

ఆడవాళ్లు అందరికన్నా చివర తింటారు. గోలీ వేసుకున్న వేళకు అన్నం ఉండదు, అన్నం తినే వేళకు కూర మిగలదు. ఇంటికి ఒకే కూర వండుతారు గనుక ఆమె పత్యం కోసం వేరే వండుకుంటే ఖర్చు అంటారు. రోజూ నడవండి అని డాక్టరు చెబుతారు. ఇరుకు గల్లీలో బండ్ల మధ్య, పదిమంది చూపుల మధ్య ఎక్కడ నడవాలి? ఖాలా, మా మేనత్త, మరో ఇద్దరు కలిసి మగ్రిబ్ అయ్యాక దాబా మీద అరగంట నడిచేవారు. ఒక్కరే నడిస్తే వింతగా చూసే లోకం నలుగురు నడిస్తే చూడడం మానేసింది.

పసరు, గోలీ, సూది

కాకరకాయ రసం, మెంతులు, నేరేడు గింజల పొడి, పొడపత్రి ఆకు. ఇవి తెలియని ఇల్లు లేదు. చార్మినార్ పక్కనే ప్రభుత్వ నిజామియా యునాని ఆసుపత్రి ఉంది. యునానీలో ఈ వ్యాధిని జియాబెతీస్ అంటారు. మన ఆయుర్వేదంలో మధుమేహం అన్నారు. అంటే పూర్వీకులకు ఈ వ్యాధి తెలుసు. మూలికలలో పస లేదని మేము అనడం లేదు. డాక్టర్లు ఎక్కువగా రాసే మెట్‌ఫార్మిన్ గోలీకి దారి చూపింది కూడా యూరప్‌లో పెరిగే గలేగా అనే ఒక మొక్కే. ఆ మొక్కలోని పదార్థాన్ని పోలిన మందును ప్రయోగశాలలో తయారు చేసి, మోతాదు కొలిచి, మనుషులపై పరీక్షించి, 1957లో ఫ్రాన్స్‌లో డాక్టర్ జాన్ స్టెర్న్ ఫలితాలు ప్రకటించాకే అది మందు అయింది. మనం దంచుకున్న పొడిలో ఎంత మోతాదు ఉందో ఎవరికీ తెలియదు. కాకరకాయ కూర వండుకుని తినండి, మంచిదే. కాని దాని కోసం గోలీ ఆపకండి. వాడుతున్న పొడి సంగతి డాక్టరుకు దాచకండి.

ఇన్సులిన్ సూది అంటే ఇక ఆఖరి దశ అనే భయం కూడా ఉంది. 1922 జనవరిలో కెనడాలోని టొరంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల పిల్లవాడు ఎముకల గూడులా మంచాన ఉన్నాడు. ఇన్సులిన్ ఎక్కించాక లేచి కూర్చున్నాడు, ఇంకా పదమూడేళ్లు బతికాడు. కనుగొన్నవారు పేటెంటు హక్కులను ఒక్కొక్క డాలరుకే విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. బతికించడానికి వచ్చిన మందును మనం చావు కబురులా చూడడం తగునా?

దవాఖానకు పోయే దారి

2018 నుండి హైదరాబాద్‌లో బస్తీ దవాఖానలు నడుస్తున్నాయి. అక్కడ షుగర్ పరీక్ష, గోలీలు ఉచితం. చిక్కులు ముదిరితే నయాపూల్ దాటి మూసీ ఒడ్డున ఉన్న ఉస్మానియా ఆసుపత్రికి పోతారు. 2020 జూలైలో దాని పాత భవనంలోకి వాన నీళ్లు వచ్చి వార్డులు ఖాళీ చేయవలసి వచ్చింది. 2025 జనవరిలో గోషామహల్‌లో కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన జరిగింది.

మందు ఉచితమే, కాని రోజు ఉచితం కాదు. హమాలీకి, ఆటో డ్రైవరుకు, ఇండ్లలో పనిచేసే తల్లికి వరుసలో నిలబడితే ఆ రోజు కూలి పోతుంది. ఒంట్లో బాధ లేనప్పుడు కూలి వదులుకుని ఎవరు పోతారు? షుగర్‌లోని మోసమే అది. నొప్పి లేనప్పుడే వైద్యం చేయించుకోవాలి, నొప్పి వచ్చే నాటికి ఆలస్యం అవుతుంది. ఆరోగ్యశ్రీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకే పనికివస్తుంది. వేలు తీసేయడానికి సాయం దొరుకుతుంది, వేలు పోకుండా రోజూ చూసుకోవడం ఇంటివాళ్ల మీదే ఉంది.

మన హాస్టల్‌లో

మేము ఇక్కడ ఉన్న రోజుల్లో ఒక తమ్ముడికి మొదటి రకం షుగర్ ఉండేది. ఎగతాళి చేస్తారని ఇన్సులిన్ సీసా ట్రంకు పెట్టెలో దాచుకుని, బాత్‌రూములో సూది వేసుకునేవాడు. ఎండాకాలం రేకుల గదిలో పెట్టె వేడికి మందు శక్తి పోయింది. అతను ఆసుపత్రి పాలయ్యాకే మాకు తెలిసింది. తరువాత మిత్రులందరం కలిసి ఒక మట్టికుండలో తడి ఇసుక పోసి, లోపల చిన్న డబ్బాలో సీసా పెట్టే ఏర్పాటు చేశాము. ఫ్రిజ్ ఉంటే అందులో పెట్టవచ్చు, కాని గడ్డకట్టనీయరాదు. 40 యూనిట్ల సీసాకు ఎర్ర మూత సిరంజి, 100 యూనిట్ల మందుకు నారింజ రంగు మూత సిరంజి వాడాలి. ఇవి తారుమారైతే మోతాదు తప్పి ప్రాణం మీదికి వస్తుంది.

చెమటలు పట్టి, చేతులు వణికి, తికమకగా మాట్లాడితే చక్కెర పడిపోయిందని గుర్తించాలి. స్పృహలో ఉంటే మూడు చెంచాల చక్కెర లేదా గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించాలి. పావుగంటలో తేరుకోకపోతే మళ్లీ ఇవ్వాలి. తేరుకున్నాక అన్నం పెట్టాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయరాదు, వెంటనే 108కి ఫోన్ చేయాలి.

సెలవులకు ఇంటికి పోయినప్పుడు చేయవలసినవి

1. ఇంట్లో ఉన్న మందుల చిట్టీలన్నీ తీసి చదవండి. గోలీలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి. లెక్కే నిజం చెబుతుంది.

2. "షుగర్ తగ్గింది" అనకండి. "అదుపులో ఉంది, గోలీ వేసుకుంటేనే ఉంటుంది" అనండి.

3. 30 ఏళ్లు దాటిన ఇంటివారందరికీ పరీక్ష చేయించండి. సన్నగా ఉన్నారని వదలకండి.

4. రాత్రి అమ్మానాన్నల అరికాళ్లు దీపం వెలుగులో చూడండి. పుండు, పగులు, నల్లని మచ్చ ఉంటే మరునాడే దవాఖానకు తీసుకుపొండి. చేనులోనైనా, ఇంట్లోనైనా చెప్పులు తప్పనిసరి. ముందు రాత్రి విడిచిన చెప్పులను దులిపి తొడగమనండి.

5. సంవత్సరానికి ఒకసారి కంటి లోపలి రెటీనా పరీక్ష చేయించండి. చూపు బాగున్నా చేయించాలి. మెహదీపట్నంలోని సరోజినీ దేవి కంటి ఆసుపత్రి ప్రభుత్వానిదే.

6. అమ్మతో పాటు కూర్చుని తినండి. ఆమె పళ్లెంలో కూర ఉందో లేదో అప్పుడే తెలుస్తుంది.

7. బీడీ, సిగరెట్, గుట్కా మాన్పించండి. షుగర్‌కు పొగ తోడైతే కాళ్ల రక్తనాళాలు తొందరగా మూసుకుపోతాయి.

ముగింపు

పై విషయాలను బట్టి, షుగర్ ఒక్కరి ఒంట్లో ఉన్నా దాని వైద్యం ఇల్లంతటి చేతుల్లో ఉందని తెలుస్తున్నది. వండే అమ్మ, చాయ్ పోసే పక్కింటి వాళ్లు, ప్రసాదం పెట్టే పూజారి, మసీదు పెద్ద, సంబంధం చూసే మేనమామ, అందరికీ అందులో పాలు ఉంది. వీరందరి మాట, డాక్టరు మాట రెండూ తెలిసినవాడు చదువుకున్న బిడ్డ ఒక్కడే. మన హాస్టళ్ల నుండి పోయే ప్రతి విద్యార్థి ఏదో ఒక ఇంటికి మొదటి చదువరి. ఉద్యోగం వచ్చాక ఇంటికి డబ్బు పంపుదామని అందరం అనుకుంటాము. ఉద్యోగం వచ్చే దాకా ఆగనక్కర లేని పని ఒకటి ఉంది. అది చిట్టీ చదివి చెప్పడం.

మా నాయిన ఇప్పుడు ఊళ్లోనే ఉన్నాడు. కాలికి మెత్తని చెప్పులు కుట్టించాము. చిట్టీ రెగ్జిన్ సంచిలో లేదు, అట్టకు అంటించి వంటింటి గోడకు మేకు కొట్టి వేలాడదీశాము. గోలీలకు పొద్దుటికి సూర్యుడి బొమ్మ, రాత్రికి చంద్రుడి బొమ్మ గీశాము. ఆయన చదవలేడు, కాని బొమ్మలు చూసి తప్పకుండా వేసుకుంటాడు. ఫోన్ చేసినప్పుడల్లా మేము మొదట అడిగేది "గోలీ వేసుకున్నవా నాయినా?" అని. "సూర్యుడిది అయింది బిడ్డా, చంద్రుడిది ఉన్నది" అంటాడు.

ఆరోగ్యమే మహాభాగ్యం అని మన పెద్దలు చెప్పారు. ఈ వ్యాసం చదివిన తమ్ముళ్లు ఈ సెలవుల్లో ఇంటి సంచి ఒక్కసారి తీసి చూస్తే మా శ్రమ ఫలించినట్లే.

– ఎం.ఎస్.డబ్ల్యు. ద్వితీయ సంవత్సరం, పూర్వ హాస్టల్ విద్యార్థి